పోతే వెంట్రుక

మదామ్ రిస్పర్ దగ్గర ఏడేళ్లు
ఆమె కుర్చీల వెనక నిలబడ్డాను.
తలకు వంద వస్తే ముప్పై నాకు,
డెబ్బై ఆమె అద్దాలకు, ఆమె ఫ్యానుకు,
ఆమె పేరుకు.
నేర్పిందీ ఆమే, కాదనను.
పాపిట తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమంది,
జడ బిగించేటప్పుడు వదలమంది.
దువ్వెన తోకతో నెత్తిన గీసే గీత
దుక్కిలో చాలు లాంటిదట,
వంకర పోతే దారిన పోయేవాడికీ కనబడుతుందట.

ఎనిమిదో ఏడు కొండెలె సంతలో
రేకుల డబ్బా ఒకటి అద్దెకు దొరికింది.
అంతకుముందు అందులో సైకిళ్లకు పంక్చర్లు వేసేవాళ్లు.
ఎండ ముదిరితే ఇప్పటికీ
నేలలోంచి రబ్బరు వాసన లేస్తుంది.
నీలం రంగు వేయించాను.
బోర్డు రాసిన ఒడెరో తలుపు మీద ఆడమనిషి బొమ్మ గీశాడు,
మెడ మరీ పొడుగు, కళ్లు చెరో దిక్కు.
"ఇది నువ్వేనా?" అని అడగనివాళ్లు లేరు.
మొదటి నెల కాదన్నాను.
ఇప్పుడు అవునంటాను, బేరం తొందరగా తెగుతుంది.

పెట్టుబడా?
రెండు ప్లాస్టిక్ కుర్చీలు,
అంచు పగిలితే టేపు అంటించిన అద్దం,
జడల కొసలు ముంచే మరిగిన నీళ్లకు
మూత సరిగా పట్టని ఫ్లాస్కు,
చీటీ ఎత్తి కొన్న సవరాలు నలభై కట్టలు:
నలుపు, ముదురు గోధుమ,
తెలివితక్కువగా కొన్న ఊదా రంగువి ఆరు.
ఆ ఆరూ మేకుకే వేలాడుతున్నాయి.

వెంట్రుక కట్టి కొండను లాగు,
వస్తే కొండ, పోతే వెంట్రుక, అంటారు.
అన్నవాళ్లెవరూ వెంట్రుకను కొనుక్కుని ఉండరు.
కట్టకింత, మోసుకొచ్చిన బండికింత,
కౌన్సిల్ వాడు రసీదిచ్చి తీసుకునేదింత,
ఇవ్వకుండా తీసుకునేదింత.

ఏప్రిల్లో గాలి మా ఒడ్డుకు తిరిగింది.
కిసుము రేవు నిండా గుర్రపుడెక్క.
పచ్చిక బయలనుకుని ఒక ఆవు అడుగు పెట్టబోయింది కూడా.
సరస్సు తల అలా చిక్కు పడ్డాక
పడవ కదల్లేదు, వల తడవలేదు,
చేపలమ్మే ఆడవాళ్ల నడుంగుడ్డ ముడిలో చిల్లర లేదు,
నా కుర్చీలో మనిషి లేదు.
అప్పటిదాకా నేను జుట్టు వ్యాపారం చేస్తున్నాననుకున్నాను.
చేపల వ్యాపారంలో ఉన్నానని
ఎవరూ చెప్పలేదు.

పని నేర్చుకునే లెన్సా, తలలు దొరక్క,
ఊదా కట్ట ఒకటి విప్పి
చీపురుకు జడలు వేసింది.
పుల్లపుల్లకీ, తీరిగ్గా, బిగువు తప్పకుండా.
జీతం అడగలేదు.
అడగనందుకే ఆ పిల్ల మీద అరిచాను.

ఆ నెలలో వచ్చింది ఒక్క మిలిసెంటే.
చెల్లెలి పెళ్లి, సన్న జడలు కావాలి, డబ్బు తర్వాత.
తొమ్మిది గంటలు.
మధ్యలో కరెంటు పోతే లెన్సా ఫోను వెలుతురు పట్టింది.
బొటనవేలి కీలు రాత్రంతా సలిపింది.
అప్పు పుస్తకంలో ఆమె పేరు రాయడానికి
ఎడమ చెయ్యి వాడాల్సి వచ్చింది.

జూన్లో ఒక రాత్రి రేకులు దడదడలాడాయి.
తెల్లారి చూస్తే
ఆకుపచ్చని చిక్కంతా అవతలి ఒడ్డుకు పోయింది,
రేవు నుంచి సూటిగా నీళ్ల పాపిట,
అందులో పడవలు.
ఊపిరి బిగబట్టానని వదిలాకే తెలిసింది.

మిలిసెంట్ బాకీలో సగం డబ్బిచ్చింది,
సగం ఎండు చేపలిచ్చింది.
వెనకాల నలుగురిని తెచ్చింది.
వాళ్లలో ఒకావిడ, చేతుల నిండా పొలుసులు,
బొమ్మ వైపు చూడలేదు,
ఇది నువ్వేనా అని అడగలేదు.
మూలనున్న చీపురును చూపించి
"నాకు అట్లా" అంది.

ఊదా ఐదు కట్టలే మిగిలాయి, ఆమెకు ఆరు పట్టేట్టున్నాయి.
లెన్సా అప్పటికే
చీపురు విప్పుతోంది.